వినలేని ప్రేక్షకుడి ముందు వీడియో: కొల్లేటి సీమలో తెలుగు క్యాప్షన్లు

వీడియోలో వినిపించే మాటనూ, మాట కాని చప్పుడునూ అవి వినిపించే క్షణంలోనే తెర మీద అక్షరాలుగా చూపే ఏర్పాటును క్యాప్షన్ అంటారు. పరభాషా చిత్రాలకు వేసే సబ్‌టైటిల్ పైకి ఇలాగే కనిపించినా, అది ప్రేక్షకుడికి వినపడుతుందనీ, భాష ఒక్కటే తెలియదనీ అనుకొని సంభాషణను అనువదించి ఊరుకుంటుంది. క్యాప్షన్ మాత్రం ప్రేక్షకుడికి ఏ ధ్వనీ అందడం లేదన్న ఎరుకతో, మాట్లాడుతున్నది ఎవరో, తెర వెనుక ఏ చప్పుడు వచ్చిందో, ఏది ఉన్నట్టుండి ఆగిపోయిందో కూడా చెబుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ, కొల్లేరు సరస్సులోని లంక గ్రామాల్లోనూ నేడు బడి పాఠం, చేపల మేత లెక్క, ఆసుపత్రి సలహా, వరద హెచ్చరిక వీడియో రూపంలో ఇళ్ళకు చేరుతున్నాయి కాబట్టి, వినికిడి లేని మనిషికి వీడియో అందకపోతే వినోదంతో పాటు బతుకుతెరువుకు కావలసిన సమాచారం కూడా దూరమవుతుంది. ఆ సమాచారాన్ని అక్షరాల్లో పెట్టే పని కొంతవరకు జరుగుతున్నా, రాసిన తెలుగు అక్షరం ఫోను, టీవీ, సెట్‌టాప్ బాక్సు, బడిలోని పెద్ద తెర అనే వేర్వేరు పరికరాల మీదికి వెళ్ళేసరికి ఎక్కడో ఒకచోట విరిగిపోతున్నది. తెలుగు క్యాప్షన్ల అసలు చిక్కు రాయడంలో కన్నా ఈ చేరవేతలోనే ఎక్కువగా ఉంది.

సినిమాకు మాట రాకముందు ఈ చిక్కు లేదు. మూకీ చిత్రాల్లో సంభాషణ తెర మీద అక్షరాలుగానే వచ్చేది గనుక, చదవగలిగిన బధిరుడు మిగతా ప్రేక్షకులతో సమానంగానే కథను అనుసరించేవాడు. 1931లో హిందీ 'ఆలం ఆరా', తమిళ 'కాళిదాస్', 1932లో తెలుగు 'భక్త ప్రహ్లాద' వెలువడడంతో ఆ అక్షరాలు తెర మీది నుంచి తొలగిపోయాయి. ఆ మూడు తొలి టాకీలలోనూ నటించిన ఎల్.వి. ప్రసాద్ 1908లో ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో పుట్టినవారు. తెలుగు తెరకు మాట వచ్చిన ఘట్టంలో ఈ సీమకు ఇంత దగ్గరి బంధుత్వం ఉన్నందుకు గర్వించడం న్యాయమే అయినా, అదే ఘట్టం బధిర ప్రేక్షకులను థియేటరు బయట నిలబెట్టిందన్న సంగతికి కూడా సినిమా చరిత్రలో చోటు దక్కవలసి ఉంది. తొలగిన అక్షరాలు టీవీ రూపంలో తిరిగి రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. అమెరికాలో 1972లో బోస్టన్ నగరపు డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని క్యాప్షన్లతో ప్రసారం చేసింది; 1980లో, ప్రేక్షకుడు కావాలంటే తెప్పించుకొని వద్దంటే ఆపుకొనే 'క్లోజ్డ్ క్యాప్షన్' పద్ధతి మొదలైంది; 1990 నాటి చట్టం వల్ల 1993 జూలై నుంచి అక్కడ 13 అంగుళాలూ అంతకు మించిన తెర ఉన్న కొత్త టీవీలన్నిటిలోనూ ఆ అక్షరాలను చూపే భాగం తప్పనిసరి అయింది. ఆ పాత పద్ధతిలో వరుసకు 32 రోమన్ అక్షరాలు పట్టేవి. వత్తులూ గుణింతాలూ ఉన్న లిపికి అందులో చోటే లేదు.

భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, మాట వినడానికి అవసరమైన ధ్వనుల విషయంలో రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్ళ లోపం ఉన్నవారిని బధిరులుగానూ, 60 నుంచి 70 డెసిబెళ్ళ లోపం ఉన్నవారిని వినికిడి తగ్గినవారుగానూ గుర్తించింది. డెసిబెల్ అంటే ధ్వని తీవ్రతకు కొలమానం. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మామూలు సంభాషణ దాదాపు 60 డెసిబెళ్ళు ఉంటుంది కనుక, రెండో కోవకు చెందినవారికి కూడా ఆ సంభాషణ దాదాపుగా అందదనే చెప్పాలి. ఈ చట్టంలోని 42వ సెక్షన్ ప్రసార మాధ్యమాల్లో క్యాప్షన్, సంజ్ఞా భాష, చూపు లేనివారి కోసం దృశ్య వివరణ ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెబుతున్నది. దాని వెనుకనే 2019 సెప్టెంబరులో టీవీ కార్యక్రమాలకు, 2024 మార్చిలో థియేటర్లలోని సినిమాలకు సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ప్రమాణాలు ప్రకటించింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, అందుబాటుకు సంబంధించిన కనీస నియమాలు సలహాలుగా మిగిలిపోరాదనీ, వాటిని తప్పనిసరి చేయాలనీ తీర్పు ఇచ్చింది. వీటి చూపు ఎక్కువగా పెద్ద ఛానెళ్ళ మీదా, నిర్మాణ సంస్థల మీదా ఉంది. ఒక లంక గ్రామంలో చేపల రైతు తీసి యూట్యూబులో పెట్టిన వీడియో, ఒక ఉపాధ్యాయురాలు తన తరగతి కోసం ఫోనులో చేసుకున్న పాఠం, ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగే హెచ్చరిక వంటివి ఆచరణలో తయారుచేసినవారి శ్రద్ధ మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ సీమ మనుషుల రోజువారీ అవసరాలు తీర్చేవి మాత్రం అవే.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంగా పరచుకున్న కొల్లేరు 1999లో అభయారణ్యంగానూ, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగానూ గుర్తింపు పొందింది; దాని చుట్టూ కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపున చేపల, రొయ్యల చెరువులే ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. రొయ్యల చెరువులో నీటిని చిలికి ప్రాణవాయువును కలిపే ఏరియేటర్ల చక్రాలు రాత్రంతా తిరుగుతూ ఉంటాయి, ఎందుకంటే పగలు ఎండకు ప్రాణవాయువును ఇచ్చే నాచు, ప్లవకాలు రాత్రి వేళ దానిని తామే పీల్చుకోవడంతో తెల్లవారుజాముకు నీటిలో అది కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. ఈ సంగతి నేర్పే ఒక శిక్షణ వీడియోలో చీకట్లో చెరువు గట్టు కనిపిస్తూ ఉండగా చక్రాల హోరు వినిపించి, హఠాత్తుగా ఆగి, ఆ తరువాత కాపలా మనిషి జనరేటరు వైపు పరుగెత్తడం చూపించారనుకుంటే, వినగలిగినవాడికి పాఠమంతా ఆ ఆగిన హోరులోనే అందుతుంది. వినలేనివాడికి ఒక మనిషి ఎందుకో పరుగెత్తడం మాత్రమే కనిపిస్తుంది. అక్కడ ఎవరూ మాట్లాడలేదు కాబట్టి క్యాప్షన్ అక్కరలేదనుకోవడం పెద్ద పొరపాటు. '[ఏరియేటర్ల హోరు]' అని ముందు ఒకసారి, '[కరెంటు పోయి హోరు ఆగింది]' అని సరిగ్గా ఆగిన సెకనులో ఒకసారి రాస్తే, రాత్రి కాపలాకు వెళ్ళే బధిర కూలీకి, చెవితో తెలియని ఈ ప్రమాదాన్ని కంటితో, అంటే చక్రాల నురగ ఆగడాన్ని బట్టి, గమనించాలన్న సంగతి కూడా తెలిసివస్తుంది. చదరపు కుండలీకరణాల్లో ధ్వనిని చెప్పడం అంతటా ఉన్న ఆనవాయితీ. తెలుగు వీడియోల్లో అది ఇంకా అలవాటు కాలేదు.

చేసి చూపే వీడియోలో ఇంకో ఇబ్బంది ఉంది. తవుడూ చెక్కా కలిపిన మేతను చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టి వేలాడదీయడం ఈ ప్రాంతపు చేపల పెంపకంలో ప్రసిద్ధమైన పద్ధతి. దానిని వివరించే రైతు చేతులతో సంచిని చూపుతూ 'ఇదిగో ఇక్కడ, ఇంత దూరంలో' అంటూ మాట్లాడుతూనే పోతాడు. వినగలిగినవారు కళ్ళను చేతుల మీద ఉంచి చెవులతో మాటను అందుకుంటారు. బధిరుడికి రెండు పనులూ కళ్ళతోనే జరగాలి కనుక, క్యాప్షన్ చదువుతున్నంతసేపు చేతుల్లో జరిగినది తప్పిపోతుంది. మాట చెప్పి, ఆగి, తరువాత చేసి చూపితే, లేదా చేసి చూపాక మాట చెబితే ఈ నష్టం ఉండదు. ఈ దిద్దుబాటు షూటింగులోనే జరగాలి. తరువాత ఎంత నేర్పుగా క్యాప్షన్ రాసినా అది రాదు. అలాగే 'ఇంత', 'అంత' అన్న చోట కొలత చెప్పాలి, ఎకరాకు ఇన్ని కిలోలు అనే సంఖ్యలను క్యాప్షన్‌లో అంకెలుగా వేయాలి. మందు మోతాదు దగ్గర ఒక్క అంకె తప్పినా చెరువు మొత్తానికే నష్టం.

మాటను యంత్రమే విని రాసే సౌకర్యం కొన్నేళ్ళుగా అందుబాటులోకి వచ్చింది. యూట్యూబు 2009లో ఇంగ్లీషుతో స్వయంచాలక క్యాప్షన్లను మొదలుపెట్టింది; భారతీయ భాషల కోసం 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం భాషిణి వేదికను ప్రారంభించగా, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా పలు భాషల మాటను అక్షరంగా మార్చే నమూనాలను తయారుచేసి అందరికీ అందుబాటులో ఉంచింది. వీటి వల్ల శ్రమ తగ్గుతున్న మాట నిజమే అయినా, యంత్రం రాసిన ప్రతిని మనిషి దిద్దకుండా విడిచిపెట్టడం తగదు. ఈ సీమలో పంగాసియస్ చేపను వాడుకలో 'ఫంగస్' అంటారు; చెరువు జబ్బుల గురించిన ప్రసంగంలో అదే మాట బూజు తెగులుకూ రావచ్చు. బొచ్చె, శీలావతి, మోసు, వనామీ, ఉప్పుటేరు, తమ్మిలేరు వంటి పేర్లు యంత్రానికి పరిచితం కాకపోతే వాటికి దగ్గరగా వినిపించే మరో మాట వేసి ముందుకు పోతుంది. వినగలిగినవాడు తప్పును చెవితో సవరించుకుంటాడు, వినలేనివాడికి తప్పే పాఠమవుతుంది. దిద్దేవారు చెరువు భాష తెలిసిన స్థానికులై ఉండాలన్న నియమం ఇందుకే ముఖ్యం.

క్యాప్షన్‌ను భద్రపరిచే తీరు చాలా సరళమైనది. ఎస్ఆర్‌టీ అనే ఫైలును ఏ సాధారణ ఎడిటర్‌లో తెరిచినా, మొదట ఒక క్రమసంఖ్య, దాని కింద ఆ మాట తెర మీద ఎప్పుడు కనిపించి ఎప్పుడు తొలగాలో గంటలు, నిమిషాలు, సెకన్లు, సెకనులో వెయ్యో వంతులతో సహా, దాని కింద ఒకటి రెండు వరుసల మాట, ఆ తరువాత ఒక ఖాళీ వరుస కనిపిస్తాయి. ఫైలంతా ఇదే వరస. వెబ్ బ్రౌజర్ల కోసం రూపొందిన వెబ్‌వీటీటీ ఫైలు కూడా దాదాపు ఇంతే, సెకన్లకూ వెయ్యో వంతులకూ మధ్య మొదటిదానిలో కామా ఉంటే రెండోదానిలో చుక్క ఉంటుంది. ఈ చిన్న తేడాను గమనించకుండా ఒకదాని బదులు మరొకటి పెట్టినప్పుడు క్యాప్షన్ అసలు రాకుండా పోయే సందర్భాలు ఉన్నాయి. తెలుగు అక్షరాలు నిలవాలంటే ఫైలును యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో దాచాలి, ఎందుకంటే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన అంకెలను అన్ని పరికరాలకూ అర్థమయ్యేలా రాసే పద్ధతి అదే.

దాచిన అక్షరం కంటికి కనిపించే అక్షరంగా మారే చోటనే తెలుగుకు ప్రత్యేకమైన కష్టం వస్తుంది. 'స్త్రీ' అనే మాట చూసేవారికి ఒక్క అక్షరం. ఫైలులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 6 సంకేతాలు. ఈ ఆరింటినీ కలిపి వత్తులను కిందా పక్కనా అమర్చే పని పరికరంలోని అక్షర సంయోజక సాఫ్ట్‌వేరుది. అది లేని పరికరం పొల్లులను విడివిడిగా చూపుతుంది, తెలుగు ఫాంటు కూడా లేకపోతే ఖాళీ డబ్బాలను వరసగా పేరుస్తుంది. ఈ సంయోజన ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది: 'జ్ఞ'తో ఏర్పడే ఒకానొక తెలుగు అక్షర సముదాయం సందేశంగా వస్తే ఐఫోన్లలోని యాప్‌లు మూతపడిపోయాయి, యాపిల్ సంస్థ కొద్ది రోజుల్లోనే సవరణ విడుదల చేయవలసి వచ్చింది. వరుసకు 42 అక్షరాలు మించరాదని ఇంగ్లీషు క్యాప్షన్లకు పలుచోట్ల పాటించే లెక్కను తెలుగుకు యాంత్రికంగా వర్తింపజేస్తే 'స్త్రీ' ఒక్కటే ఆరుగా లెక్కకు వస్తుంది. దానికన్నా, పొడవైన సమాసాలను విరవకుండా, వరుసకు నాలుగైదు మాటలకు మించకుండా, రెండు వరుసల్లో ముగించడం మేలు. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను తాకకుండా వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఉండాలి.

పరికరాల తేడా ఇప్పుడు అర్థమవుతుంది. 32 అంగుళాల టీవీ తెర వెడల్పు దాదాపు 70 సెంటీమీటర్లు; దానిని 3 మీటర్ల దూరం నుంచి చూస్తారు. ఫోనును నిలువుగా పట్టుకొని అడ్డ వీడియో చూసేటప్పుడు బొమ్మ వెడల్పు 7 సెంటీమీటర్లే, కంటికీ దానికీ దూరం 35 సెంటీమీటర్లు. లెక్క కడితే ఫోనులోని బొమ్మ టీవీ బొమ్మకన్నా కంటికి చిన్నదిగానే ఆనుతుంది. పైగా అది దోనె మీదో చెరువు గట్టు మీదో, మిట్టమధ్యాహ్నపు ఎండలో చూసే ఫోను. తెల్లని అక్షరం వెనుక నల్లని పట్టీ లేకపోతే నీటి మెరుపు ఉన్న దృశ్యంలో ఆ అక్షరం కరిగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లోకి వెళ్ళి క్యాప్షన్ అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చు, వెనుక పట్టీని మార్చుకోవచ్చు; అయితే ఈ సౌకర్యం వీడియోకు వేరుగా జతచేసిన క్లోజ్డ్ క్యాప్షన్లకే వర్తిస్తుంది, బొమ్మలో కలిపి అచ్చువేసిన ఓపెన్ క్యాప్షన్లకు వర్తించదు. నిలువు వీడియోల్లో తెర అడుగు భాగాన్ని శీర్షికలూ బొత్తాలూ ఆక్రమిస్తాయి కనుక అక్కడ క్యాప్షన్‌ను పైకి జరపాలి.

టీవీ సంగతి వేరు. సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీకి చేరేది బొమ్మా ధ్వనీ మాత్రమే కాబట్టి, క్యాప్షన్‌ను బొమ్మ మీద గీయవలసింది బాక్సే. టీవీ ఎంత ఖరీదైనదైనా ఆ విషయంలో చేయగలిగింది లేదు. భారతదేశపు డీటీహెచ్ ప్రసారాలు అనుసరించే డీవీబీ ప్రమాణాల్లో, క్యాప్షన్‌ను అక్షర సంకేతాలుగా కాక చిన్న చిన్న బొమ్మలుగా పంపే పద్ధతి ఒకటి ఉంది. అలా పంపితే బాక్సులో తెలుగు ఫాంటు లేకపోయినా, సంయోజక సాఫ్ట్‌వేరు లేకపోయినా 'స్త్రీ' చక్కగానే కనిపిస్తుంది. అంటే బాక్సుకు తెలుగు రాదన్న సాకు ప్రసారకర్తకు చెల్లదు. పెన్‌డ్రైవులో వీడియో వేసుకొని టీవీకి తగిలించి చూసే ఇళ్ళలో, వీడియో ఫైలుకూ క్యాప్షన్ ఫైలుకూ ఒకే పేరు పెట్టి ఒకే ఫోల్డరులో ఉంచితే చాలా టీవీలు రెండింటినీ కలిపి చూపుతాయి గానీ, వత్తులు సరిగా కూర్చుంటాయా లేదా అన్నది ఆ టీవీని బట్టే ఉంటుంది. వాట్సాపులో పంపిన వీడియో వెంట క్యాప్షన్ ఫైలు అసలు ప్రయాణించదు. కాబట్టి యూట్యూబులోనూ, బడి ట్యాబుల్లోనూ ఉంచే ప్రతికి వేరు ఫైలు రూపంలో, వాట్సాపులో పంచే ప్రతికి బొమ్మలో కలిపిన రూపంలో, ఇలా ఒకే వీడియోను రెండు విధాలుగా సిద్ధం చేయడం ఈ ప్రాంతపు పరిస్థితికి తగిన మార్గం. వేరు ఫైలును ఎందుకు వదలకూడదంటే, చూపూ వినికిడీ రెండూ లేనివారు తడిమి చదివే బ్రెయిలీ పరికరానికి అందేది ఆ ఫైలులోని అక్షరమే.

వరద కాలంలో ఈ వ్యవహారమంతా గంటల్లో తేలవలసి వస్తుంది. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటివి ఎన్నో దిగుతాయి, సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాల దారులు మునిగాయి. అలాంటి రోజున అధికారి మాట్లాడే వీడియో కింద పరుగెత్తే స్క్రోలింగును చాలామంది క్యాప్షన్‌గా పొరబడతారు. స్క్రోలింగులో వచ్చేది వేరే వార్త, అధికారి నోట వస్తున్న మాట కాదు. పైగా క్యాప్షన్ వేసినా ఆ స్క్రోలింగు దానిని కప్పేస్తుంది. ఏ రోడ్డు మూసివేశారో, పడవ ఎక్కడికి వస్తుందో, పునరావాస కేంద్రం ఏ బడిలో ఉందో అన్న మూడు నాలుగు వాక్యాలను టైపు చేసి వీడియో మొదటి బొమ్మగానే పెట్టడం ప్రత్యక్ష క్యాప్షన్ చేతగాని చోట కూడా సాధ్యమే.

క్యాప్షన్ ఉంటే బధిరుల సమస్య తీరిపోయినట్టేనని అనుకోవడం కూడా సరికాదు. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి మొదటి భాష భారతీయ సంజ్ఞా భాష. దానికి సొంత వ్యాకరణం ఉంది, తెలుగు మాత్రం వారికి బడిలో, అదీ తగిన బడి దొరికితే, చదువుతో వచ్చే రెండో భాష. వారికి వేగంగా పరుగెత్తే తెలుగు అక్షరం పూర్తిగా అందదు. 2015లో న్యూఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడడం, 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్యలో 31వ ఛానెల్ సంజ్ఞా భాష కోసం మొదలవడం ఈ లోటును గుర్తించిన ఫలితాలే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు వీడియో పాఠాలు నింపిన ట్యాబులు పంచినట్టి పథకాల్లో, సంజ్ఞా భాష గడి ఒక మూలనా, క్యాప్షన్ రెండవ పక్కనా ఒకదానినొకటి కప్పకుండా ఉండేలా తెరను మొదటే పంచుకోవాలి. మరోవైపు, వయసు మీరి వినికిడి తగ్గినవారికీ, యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు దెబ్బతిన్న కార్మికులకూ తెలుగు ముందే వచ్చు కాబట్టి వారికి క్యాప్షన్ ఒక్కటే చాలు. చదువు అంతంతమాత్రంగా వచ్చినవారికి పాట కింద అదే భాషలో అక్షరాలు వేస్తే చదివే శక్తి పెరుగుతుందన్న ఆలోచనతో అహ్మదాబాదు ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1990ల చివర గుజరాతీ సినిమా పాటలతో ప్రారంభించిన ప్రయత్నం, క్యాప్షన్ ప్రయోజనం వినలేనివారి దగ్గరే ఆగదని చూపింది.

ఈ పనికి కావలసిన సామగ్రి కొంత ఇప్పటికే సిద్ధంగా ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన ఎన్ఐటీ విద్యార్థులు చూసే, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలోని ప్రసంగాల్లో కొన్నిటి పాఠ్యాలు తెలుగులోకి అనువాదమయ్యాయి. రేడియో ప్రసంగమైతే ముందు కాగితం మీద రాసి, తరువాత చదివేది కాబట్టి, అదే ప్రసంగాన్ని వీడియోగా పెట్టేటప్పుడు క్యాప్షన్‌కు కావలసిన మాటంతా ముందే చేతిలో ఉంటుంది, కాలాన్ని జతచేయడమే మిగిలిన పని. 1948 నుంచి నడుస్తున్న విజయవాడ ఆకాశవాణి వంటి కేంద్రాల వ్యవసాయ ప్రసంగాలు ఈ దారిలో బధిర రైతులకు మొట్టమొదటిసారిగా చేరగలవు.

వీడియోను విడుదల చేసేముందు పరీక్షించడానికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కరలేదు. 'స్త్రీ', 'జ్ఞానం', 'శాస్త్రజ్ఞుడు', 'ఉష్ణోగ్రత' అనే మాటలూ, ఒక అంకె, కుండలీకరణాల్లో ఒక ధ్వని ఉన్న రెండు వరుసల క్యాప్షన్‌ను తయారుచేసి, తక్కువ ధర ఫోనులో ఎండలోనూ, పాత సెట్‌టాప్ బాక్సు ఉన్న ఇంట్లోనూ, పెన్‌డ్రైవు తగిలించిన టీవీలోనూ, బడి తెర మీద చివరి బల్ల దగ్గర నుంచీ చూడాలి. ధ్వని పూర్తిగా ఆపివేసి, ఆ వీడియో ఎవరి కోసమో వారిలో ఒక బధిరుడిని కూర్చోబెట్టి, చూసిన తరువాత మేత ఎంత, మందు ఎంత, దారి ఎటు అని సంజ్ఞతోనో రాతతోనో అడగాలి. జవాబులో ఎక్కడ తడబాటు వచ్చిందో ఆ సెకను దగ్గర ఫైలు తెరిచి మాటను దిద్దాలి, లేదా ఆ దృశ్యాన్నే మళ్ళీ తీయాలి.